నడి చెరువులో కార్బొరేటర్

మామ ఫోన్ చేసేసరికి నేను దుకాణంలో నేల మీద కూర్చుని ఒక పత్తిరైతు మందు మిషన్ విప్పుతున్నాను. గిద్దలూరులో మా దుకాణం నాయన పెట్టింది. ఇప్పుడు నేను నడుపుతున్నాను. పొలాల్లో వీపుకు తగిలించుకుని మందు కొట్టే పెట్రోలు మిషన్లు బాగుచేయడం మా పని. వానాకాలం వస్తే అవి వాకిట్లో గుట్టలు పడతాయి.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. కంభం చెరువు ఒడ్డున ఊరు, చెరువులో చేపల వేట. మామూలుగా ఆయన ఫోన్ చేస్తే ముందు నాయన ఆరోగ్యం, తర్వాత మా దిక్కు వానలు, ఆఖరికి అసలు సంగతి. ఆ రోజు ఆ వరసేమీ లేదు.

“పాపా, మోటారు నడి చెరువులో నిలిచిపోతాంది. నువ్వొచ్చి సూడాల.”

“ఏం మోటారు మామా?”

“పడవ మోటారు. చీరాల దిక్కునించి తెచ్చినా. పాతదే గానీ గట్టిది అన్నారు.”

నా చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. మా ప్రాంతంలో ఇంజను అంటే నీళ్లు తోడేది. నీళ్ల మీద పరిగెత్తే ఇంజనును నేను ఫోన్లో వీడియోల్లో తప్ప చూడలేదు. అది కూడా పని అయిపోయాక, అన్నం తింటూ, మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పుకుని చూసేదాన్ని. అలాంటిది ఒకటి నా కోసం కంభంలో కూర్చుని ఉందంటే ఇంకేం ఆగుతాను? పత్తిరైతుకు మిషన్ రేపు ఇస్తానని చెప్పి, పానాల సంచి సర్దుకున్నాను.

నాయన లోపల మంచం మీద పడుకుని ఉన్నాడు. ఆయనకు చూపు బాగా తగ్గింది. సంగతి చెప్పాను.

“టూ స్ట్రోకా?” అన్నాడు.

“పాతదంటే అదే అయ్యుంటాది నాయనా.”

“అయితే నీ మందు మిషన్‌కు అన్న మాదిరి. పో.”

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఆ ఏడు తుఫాను వెంట తుఫాను వచ్చింది. రాచర్ల దిక్కు వంకలన్నీ పారుతున్నాయి. ఏళ్ల తరబడి అడుగు కనపడుతూ వచ్చిన కంభం చెరువు ఈసారి నిండిందని జనం పండగలా చెప్పుకుంటున్నారు. బస్సులో ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు చెరువు చూడటానికే పోతున్నారు.

కట్ట ఎక్కి చూశాను. నేను చిన్నప్పటి నుంచి చూసిన చెరువు ఒక మూల నీళ్లు, మిగతాదంతా మేత బీడు. ఇప్పుడు కొండల పాదాల దాకా నీళ్లే. గాలికి ఎర్రటి నీళ్ల మీద చిన్న చిన్న అలలు లేస్తున్నాయి. మునిగిన తుమ్మచెట్ల తలలు అక్కడక్కడా పైకి తేలి ఉన్నాయి.

మామ ఒడ్డున నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము పక్కన నిలబడి ఉన్నాడు. డ్రమ్ములో నీళ్లు పోసి, అంచుకు ఒక చెక్క బిగించి, దానికి మోటారు తగిలించాడు. దాని రంగు ఎప్పుడో పోయింది. పైమూత ఒక పక్క పగిలితే తీగతో కుట్టారు. ఎన్ని సముద్రాలు చూసిందో గానీ, నా కంటికి మాత్రం అది చాలా అందంగా కనపడింది.

అత్త గట్టు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. “వచ్చినావా. మీ మామకు తెడ్డు చాలలేదంట. ఇదొచ్చినకాడి నుంచి అన్నం కూడా దీని పక్కనే తింటాండాడు” అంది.

“నువ్వు ముందు ఇది సూడు పాపా” అంటూ మామ తాడు లాగాడు. ఒక్క లాగుకే మోటారు అందుకుంది. డ్రమ్ములో నీళ్లు సుడి తిరిగాయి. నీలిపొగ, పెట్రోలులో కలిపే టూ-టీ ఆయిల్ వాసన. చప్పుడు విన్నాను. ఎక్కడా తడబాటు లేదు.

“బాగానే ఉండాది కదా మామా.”

“అదే కదా నా బాధ. డ్రమ్ములో రాజా మాదిరి నడుస్తాది. చెరువులోకి తీసకపోతే సచ్చిపోతాది.”

ఆ మాటతో నాకు సగం అర్థమైంది. డ్రమ్ములో దానికి బరువు లేదు. ఊరికే తిరగడానికి కొంచెం పెట్రోలు చాలు. పడవను తోసుకుంటూ పోవాలంటే గుక్కలు గుక్కలుగా తాగాలి. ఆ గుక్క దానికి అందడం లేదు. ఎక్కడ అడ్డం పడుతోందన్నదే తేలాలి. అది ఒడ్డున కూర్చుంటే తేలదు.

“పడవకు తగిలించు. పోదాం.”

ఫైబర్ పడవ అది. వెనక చెక్కకు మోటారు బిగించి, పెట్రోలు డబ్బా కాళ్ల దగ్గర పెట్టుకున్నాం. డబ్బా నుంచి మోటారుకు రబ్బరు పైపు, పైపు మధ్యలో కోడిగుడ్డంత రబ్బరు బల్బు. ఆ బల్బును చేత్తో పిసికితే పెట్రోలు మోటారు దాకా పోతుంది. మోటారు అందుకున్నాక దాని పంపు అదే లాక్కోవాలి. మామ ఎక్స్‌లేటర్ తిప్పాడు. పడవ ముక్కు పైకి లేచింది. నా చున్నీ వెనక్కి ఎగిరింది. మొదటిసారి నీళ్ల మీద అంత వేగంగా పోతుంటే నాకు రోగం చూడటానికి వచ్చిన సంగతే ఒక నిమిషం గుర్తులేదు.

అంతలో మోటారు గొంతు మారింది. ఎత్తు ఎక్కలేక ఆయాసపడే బస్సులా రెండుసార్లు గుంజుకుని ఆగిపోయింది.

“ఇదే. ఇట్లనే” అన్నాడు మామ.

నాకు కావలసింది అదే. టక్కున కోసినట్టు ఆగితే కరెంటు తప్పు, ప్లగ్గు సంగతి. ఇట్లా ఊపిరాడక ఆగిందంటే పెట్రోలు తప్పు. డబ్బా మూత మీద గాలి పోయే మర చూశాను. తెరిచే ఉంది. అయినా మూత మొత్తం వదులు చేసి మళ్లీ లాగించాను. అదే ఆయాసం. ఈసారి అది తడబడగానే వంగి బల్బు పిసికాను. మోటారు గొంతు వెంటనే తేరుకుంది. పిసకడం ఆపాను. మళ్లీ నీరసం. పిసికాను. మళ్లీ ప్రాణం.

“మామా, ఇది తనంతట తాను తాగలేకపోతాంది. మనం నోట్లో పోస్తే తాగుతాంది” అన్నాను. నవ్వొచ్చింది. కంటికి కనపడకుండా దొంగాట ఆడుతున్న కారణం ఒక మూలకు చిక్కినట్టైంది.

బల్బు చప్పిడిపోయి లోపలికి కుంగిపోలేదు. కుంగి ఉంటే డబ్బా వైపు అడ్డం పడినట్టు. అది గుండ్రంగానే ఉంది కాబట్టి లాక్కునే పంపే బలహీనం. ఒడ్డు దాకా బర్రె పొదుగు పిండినట్టు బల్బు పిండుతూనే ఉన్నాను. మామ ఎక్స్‌లేటర్, నేను బల్బు. అట్లా ఇద్దరం కలిసి మోటారును నడిపించుకొచ్చాం.

ఒడ్డున పంపు విప్పాను. అరచేతిలో ఇమిడే చిన్న డబ్బీ అది. లోపల పల్చటి పొర ఒకటి ఉంటుంది. ఇంజను ఊపిరికి ఆ పొర ముందుకూ వెనక్కూ కదులుతూ పెట్రోలును లాగుతుంది. మందు మిషన్‌లో కూడా ఇలాంటిదే చూస్తుంటాను. ఈ పొర మాత్రం అప్పడంలా బిరుసెక్కి ముడతలు పడింది. వెలుగుకు ఎత్తి పట్టుకుంటే మధ్యలో సూది మోపినంత బెజ్జం. ఇప్పటి పెట్రోలుకు పాతకాలం రబ్బరు ఆగదు. కొన్నింటిని ఉబ్బిస్తుంది, కొన్నింటిని ఇట్లా ఎండగొడుతుంది.

ఆ పొర మా దిక్కు ఎక్కడా దొరకదు. మామ ముఖం వాడిపోయింది. నాకు మాత్రం ఒక మనిషి గుర్తుకొచ్చాడు.

మార్కాపురం బస్టాండు దగ్గర నాయనకు పాత స్నేహితుడు ఒకాయన ఉన్నాడు. స్కూటర్లు, జీపులు, పాత కార్లు, ఏ బండి కార్బొరేటర్ అయినా ఆయన చేతిలో నుంచి పోయి వచ్చేది. ఇప్పుడు కొడుకులు అదే చోట బ్యాటరీలు అమ్ముతున్నారు. ఆయన మాత్రం వెనక గదిలో తన డబ్బాలు దాచుకుని కూర్చుంటాడు. నేను చాచా అంటాను. ఫోన్ చేసి పొర సంగతి చెప్పాను.

“పాత కారు పెట్రోలు పంపు పొర ఉండాది బేటీ. గుడ్డ వేసిన రబ్బరు. కోసుకుంటే సరిపోతాది” అన్నాడు.

“ఎవరి చేతనన్నా బస్సులో పంపు చాచా.”

“పంపేదేంది? నేనే వస్తాండా. పడవ మోటారు నేను ఇంతవరకు ముట్టుకోలే.”

ఆయన వచ్చేలోపు నేను, పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్ కింది గిన్నె విప్పాను. పెట్రోలు నిలవుండే చిన్న గిన్నె అది. అందులో పెట్రోలు అడుగున గాజుపూసల్లా నీటిబొట్లు దొర్లుతున్నాయి. పారబోసి తుడిచాను. పెట్రోలు మీద తేలే ఫ్లోటు సాఫీగా లేస్తోంది, దిగుతోంది. మెయిన్ జెట్టు, అంటే పెట్రోలు లోపలికి చిమ్మే సన్నటి రంధ్రం ఉన్న ఇత్తడి మర, విప్పి ఆకాశం వైపు పెట్టి చూశాను. అవతల వెలుగు చుక్క గుండ్రంగా కనపడింది. మళ్లీ బిగించాను. డబ్బాలో పాత పెట్రోలు తీసేసి, మామ చేత కొత్త పెట్రోలు తెప్పించి ఆయిల్ కలిపాను.

చాచా తెల్ల పైజామా మోకాళ్ల దాకా మడుచుకుని, రేకుపెట్టె చంకలో పెట్టుకుని కట్ట దిగి వచ్చాడు. పలకరింపులు కూడా కాకముందే మోటారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. ఆ ముఖంలో వెలుగు చూస్తే నాకు తోడు దొరికిందనిపించింది. పాత పొరను కొత్త రబ్బరు గుడ్డ మీద పెట్టి పెన్సిల్‌తో గీత గీశాడు. కత్తెర ఆయనది, పట్టుకున్న చేతులు నావి. మరలు దూరే రంధ్రాలకు, కొస పదునుపెట్టిన సన్నటి ఇనప గొట్టంతో చెక్క మీద కొట్టాం. పొర అచ్చంగా అతికింది.

పంపు చివరి మర బిగిస్తుండగా ఒకామె గట్టు మీద నుంచి దాదాపు పరుగున దిగింది. వయసు నా ఈడే. అవతల ఊరి నుంచి గట్టు చుట్టూ నడిచి వచ్చిందట. చేతిలో ఫోన్ ఉంది.

“అన్నా, నీ పడవ నడుస్తాదా?” అని మామను అడిగింది. “మా నాయన తిప్ప మీద ఉండాడు. జీవాలతో ఉండాడు.”

చెరువు లోపల, కొండ దగ్గరగా, ఒక చిన్న తిప్ప ఉంది. నీళ్లు లేనప్పుడు అందరూ నడిచిపోయేదే. ఈమె నాయన గొర్రెల మందను అక్కడ మేపుకుంటున్నాడు. నీళ్లు పెరుగుతున్నా మధ్యలో మెడలాంటి దారి ఒకటి తేలి ఉండటంతో ఆయనకు భయం అనిపించలేదు. రాత్రి పైన ఎక్కడో కురిసిన వానకు తెల్లారేసరికి ఆ మెడ మునిగిపోయింది.

“నీళ్లు మంద కంచె దాకా వచ్చినాయంట. ఇప్పుడే ఫోన్ చేసినాడు. మండలాఫీసులో చెప్పినాం. పెద్ద పడవ పంపిస్తామన్నారు, అది దూరంనుంచి రావాల. సాయంత్రం అయితాదంట.”

మామ చెరువు వైపు చూశాడు. గాలి కొండ మీద నుంచి నేరుగా మా ముఖాన కొడుతోంది. “తెడ్లతో ఈ గాలికి ఎదురు పోలేము. పొద్దున వేటకు మావాళ్లు పోబోయి తిరిగి వచ్చినారు” అన్నాడు. తర్వాత మోటారు వైపు చూశాడు. అక్కడి నుంచి నా వైపు.

“ఇంకా లాగించి సూడలే మామా” అన్నాను.

“పోతా పోతా సూద్దాం.”

అత్త చింతపండు పక్కన పెట్టి లేచింది. వద్దంటుందేమో అనుకున్నాను. ఇంట్లోకి పోయి రెండు లైఫ్ జాకెట్లు తెచ్చి ఒకటి నా మెడలో వేసింది. రెండోది చాచాకు ఇస్తూ, “మీరెందుకు లేండి అన్నా, పెద్దాయన” అంది.

“ఆ పొర నేను కోసింది చెల్లీ. నిలబడతాదో లేదో నేను సూడద్దా?” అంటూ ఆయన అప్పటికే పడవలో కాలు పెట్టాడు.

బల్బు పిసికాను. గట్టిపడింది. మామ తాడు లాగాడు. మోటారు అందుకుంది. నేను ఈసారి బల్బు ముట్టుకోలేదు, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను. ఇందాక ఆగిన చోటు వచ్చింది. దాటింది. మామ ఇంకొంచెం రేస్ ఇచ్చాడు. పడవ అలల మీద దబదబా కొట్టుకుంటూ ఎగిరింది. నీటి తుంపర ముఖం మీద చెళ్లున పడుతోంది. చాచా గడ్డం తడిసి కారుతోంది, ఆయన నోరు తెరిచి నవ్వుతున్నాడు. మిషన్ బాగుచేసి ఇచ్చినప్పుడు రైతు తీసుకుని వెళ్లిపోతాడు. అది పొలంలో ఎట్లా పనిచేస్తుందో నేను చూడను. బాగైన ఇంజను మీద కూర్చుని, అది మమ్మల్ని మోసుకుపోతుంటే, ఆ చప్పుడు నా ఎముకల్లో తెలుస్తుంటే, అట్లాంటి సంతోషం నాకు అంతకుముందు తెలియదు.

తిప్ప కనపడింది. గొర్రెలు తెల్లగా, గోధుమరంగుగా గుంపు కట్టి ఉన్నాయి. మధ్యలో తలపాగా మనిషి చేతిలోని కర్ర పైకెత్తాడు.

అప్పుడు మోటారు మళ్లీ మూలిగింది.

నేను వంగి బల్బు పట్టుకున్నాను. అది రాయిలా గట్టిగా, నిండుగా ఉంది. పిసికినా లోపలికి పోవడం లేదు. మోటారు ఆగిపోయింది. గాలి పడవ ముక్కును పక్కకు తిప్పి, మమ్మల్ని మునిగిన తుమ్మచెట్ల వైపు తోయడం మొదలుపెట్టింది.

“పొర పోయిందా?” అన్నాడు చాచా.

“లేదు చాచా. పొర పోతే బల్బు పిసికినప్పుడు తేరుకోవాల. ఇప్పుడు పెట్రోలు కార్బొరేటర్ దాకా వచ్చి నిలబడింది. లోపలికి పోతాలేదు.” మామ వైపు తిరిగాను. “మామా, చోక్ లాగి ఒకసారి అందిచ్చు.”

చోక్ అంటే గాలి దారిని మూసే రేకు. గాలి తగ్గితే ఉన్న పెట్రోలే ఎక్కువవుతుంది. చోక్ లాగగానే మోటారు అందుకుని కాసేపు ఉరికింది. చోక్ వదిలితే చచ్చింది. నాకూ చాచాకూ ఒకేసారి అర్థమైంది. ఇద్దరం ఒకే మాట అన్నాం. మెయిన్ జెట్టు.

“ఇప్పుడే కదా శుభ్రంగా ఉండిందంటివి” అన్నాడు మామ.

“అప్పుడు శుభ్రంగానే ఉండింది. ఇప్పుడు ఏదో వచ్చి పడింది.”

మామకు కంగారు పుడితే బీడీ వెలిగించే అలవాటు. చేయి జేబులోకి పోవడం చూసి ఆ కట్టా అగ్గిపెట్టే రెండూ లాక్కుని నా లైఫ్ జాకెట్ లోపల పెట్టుకున్నాను. “పెట్రోలు గిన్నె విప్పుతాండా మామా. నువ్వు తెడ్డు పట్టుకుని చెట్లలోకి పోకుండా సూడు.”

ఆయన తెడ్డును నీళ్లలో గట్టిగా వేశాడు. చాచా తన భుజం మీది తువ్వాలు తీసి మోటారు కింద రెండు చేతులతో జోలెలా పట్టుకున్నాడు. ఒక్క మర నీళ్లలో పడినా అంతే సంగతి. నేను పడవ వెనక అంచు మీదకు వంగాను. అల వచ్చినప్పుడల్లా పానా జారుతోంది. అల దిగేదాకా ఆగడం, అర తిప్పు తిప్పడం. మొదటి మర వచ్చింది. తువ్వాల్లో వేశాను. రెండోది వస్తుండగా పెద్ద అల తగిలింది, మర నా వేళ్లలో నుంచి ఎగిరిపోయింది.

చాచా తువ్వాలు పక్కకు విసిరినట్టు సాచాడు. మర దాని అంచున పడి లోపలికి దొర్లింది. నా గుండె మోటారు లేని లోటు తీర్చింది.

గిన్నె దించి, జెట్టు విప్పి ఆకాశానికి పెట్టాను. వెలుగు చుక్క లేదు. రంధ్రానికి అడ్డంగా నల్లటి పొట్టు ఒకటి. రబ్బరు పొట్టు. చాచా దాన్ని వేలి మీదకు తీసుకుని నలిపాడు.

“పైపు లోపల ఊడిపోతాంది బేటీ. పైకి బాగానే కనపడతాది.”

అదీ సంగతి. ఇన్నాళ్లూ నీరసంగా లాగిన పంపు ఇప్పుడు కొత్త పొరతో గట్టిగా లాగుతోంది. ఆ లాగుడుకు పైపు లోపలి ముసలి రబ్బరు పొట్టు పొట్టుగా రాలి వచ్చింది. దాన్ని ఆపాల్సిన మోటారులోని జల్లెడ ఎప్పుడో చిరిగిపోయి ఉంది. ఒక రోగం తగ్గి రెండోది బయటపడింది.

రంధ్రంలో తీగ పెట్టి పొడిస్తే ఇత్తడి గీసుకుపోతుంది, రంధ్రం పెద్దదవుతుంది. మరి దేనితో? పడవ అడుగున మామ వల కుప్పగా పడి ఉంది. అందులోంచి నైలాన్ పోగు ఒకటి తెంపి జెట్టులో దూర్చాను. అది జుట్టంత మెత్తగా పోయి అవతల తేలింది. మిగిలిన పొట్టును నోటితో ఊదాను. నాలుక మీద పెట్రోలు మంట. వెలుగు చుక్క మళ్లీ గుండ్రంగా వెలిగింది.

“పైపు సంగతేంది? మళ్లీ పొట్టు రాదా?” అన్నాడు మామ తెడ్డు వేస్తూనే. తుమ్మచెట్ల కొమ్మలు దగ్గరికి వచ్చేశాయి.

నా సంచిలో మోటారు సైకిళ్లకు వేసే చిన్న ప్లాస్టిక్ ఫిల్టరు ఉంది. పైపును మోటారు దగ్గర కోసి మధ్యలో దూర్చి తీగతో బిగించాను. చాచా గిన్నె మరలు ఒక్కొక్కటిగా నా వేళ్లకు అందించాడు. బల్బు పిసికాను. ఫిల్టరులో పెట్రోలు నిండటం కంటికి కనపడింది.

మామ తాడు లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. దగ్గి ఆగింది. ఒక తుమ్మకొమ్మ పడవ పక్కను గీరింది. మూడోసారి ఆయన కాలు చెక్కకు తన్నిపెట్టి ఒళ్లంతా వెనక్కి వేసి లాగాడు. అందుకుంది. చోక్ వదిలినా ఆగలేదు. రేస్ ఇచ్చినా ఆగలేదు. పడవ ముక్కు లేచింది. చెట్లు వెనకబడ్డాయి. చాచా నా భుజం పట్టుకుని ఊపేశాడు.

తిప్ప దగ్గర నీళ్లలోకి దిగి మామ పడవను పట్టుకున్నాడు. గొర్రెల కాపరి పెద్దాయన మమ్మల్ని చూసి చెయ్యెత్తి దండం పెట్టలేదు, ఏడవనూ లేదు. ఎవరిని ముందు పంపాలో అప్పటికే ఆలోచించి పెట్టుకున్నాడు.

“ముందు పిల్లలు. తర్వాత చూడివి. పొట్టేళ్లు ఆఖర్న వస్తాయి” అన్నాడు.

“నువ్వెక్కు ముందు పెద్దాయనా” అన్నాడు మామ.

“నేనెక్కితే ఇవి బెదురుతాయి నాయనా. నేను ఆఖర్నే. దగ్గరైతే ఈదించేటోడినే. ఇంత దూరం ఈ గాలికి ఈదలేవు.”

నాలుగు కాళ్లు పట్టి ఎత్తి ఆయన అందిస్తుంటే చాచా, నేను లోపల సర్దాం. పడవ నిండా గొర్రెల వాసన, వెచ్చటి ఊపిర్లు, అరుపులు. ఒక గొర్రెపిల్ల నా ఒళ్లో ఎక్కి కూర్చుంది. ఒడ్డుకు చేరేసరికి ఆయన కూతురు నడుములోతు నీళ్లలో నిలబడి ఉంది. ఒక్కోదాన్ని పేరు పెట్టి పిలుస్తూ దింపుకుంది. మామ పడవ తిప్పాడు. మళ్లీ తిప్పకు. మళ్లీ ఒడ్డుకు. ప్రతిసారి నడిమధ్యకు రాగానే నేను ఊపిరి బిగబట్టేదాన్ని. ప్రతిసారి మోటారు దాటించేది. కొన్ని విడతలయ్యాక ఊపిరి బిగబట్టడం మరిచిపోయాను. ఫిల్టరు అడుగున నల్ల పొట్టు చేరుతోంది. చేరనీ, జెట్టు దాకా పోవడం లేదు కదా అని చూసి మురిసిపోయాను.

ఒడ్డున జనం చేరారు. పడవ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు నీళ్లలోకి దిగి గొర్రెలను అందుకుంటున్నారు. అత్త ఎవరి చేతో చాచాకు టీ పంపింది. ఆయన ఒడ్డుకు దిగకుండా పడవలో కూర్చునే తాగాడు.

చివరి విడతకు మామ భుజాలు పట్టేశాయి. “పాపా, నువ్వు పట్టుకో” అని ఎక్స్‌లేటర్ పిడి నా చేతిలో పెట్టి పక్కకు జరిగాడు. ఎట్లా తిప్పాలో రెండు మాటలు చెప్పాడు. పడవను నేను తిప్పకు తీసుకుపోయాను. చేతిలో ఆ పిడి అదురుతుంటే, నేను ఎటు తిప్పితే అటు అంత పెద్ద చెరువు తిరుగుతున్నట్టు అనిపించింది.

పొట్టేళ్లు ఎక్కాయి. పెద్దాయన ఎక్కాడు. ఆయన కుక్క ఎక్కలేదు. పిలిచాడు. గద్దించాడు. మామ పట్టుకోబోతే దూరం ఉరికి, పళ్లు చూపించింది.

“పోనీండి. నేను పోతే అదే వస్తాది” అన్నాడు పెద్దాయన.

పడవ కదిలింది. కుక్క తిప్ప చివర నిలబడి చూసింది. ఒక్క దూకు దూకి నీళ్లలో పడింది. తల ఒక్కటే తేలుతూ మా వెంట రావడం మొదలుపెట్టింది.

“నిదానం తల్లీ, నిదానం. దానికి అందాల” అన్నాడు పెద్దాయన.

నిదానం అంటే పాత కార్బొరేటర్‌కు పెద్ద పరీక్ష. రేస్ ఇస్తే ఎవరైనా ఉరుకుతారు. అడుగులో అడుగు వేసి నడవమంటేనే కష్టం. పిడి పూర్తిగా తగ్గించాను. మోటారు తడబడింది. ఆగితే గాలి మమ్మల్ని మళ్లీ చెట్లలోకి నెడుతుంది. చాచా సన్నటి స్క్రూడ్రైవర్ నా చేతికి ఇచ్చి తను పిడి పట్టుకున్నాడు. స్లో మరను, అంటే నిదానపు నడకకు పెట్రోలు కొలిచే మరను, వెంట్రుకంత బయటికి తిప్పాను. విన్నాను. ఇంకొంచెం. తడబాటు పోయింది. ఇంకా ఒక చిటికె. టుక్ టుక్ టుక్ టుక్, గోడ గడియారంలా నిలబడింది.

ఆ నడకతో చెరువు మీద పోయాం. కుక్క ముక్కు నీళ్లకు పైన పెట్టుకుని ఈదుతోంది. పెద్దాయన పడవ అంచున మోకాళ్ల మీద కూర్చుని దానితో మాట్లాడుతూనే ఉన్నాడు. సగం దూరానికి అది అలిసింది. తల మునిగి తేలింది. ఆయన వంగి మెడ మీది తోలు పట్టి ఒక్క లాగు లాగాడు. కుక్క పడవలో పడి, లేచి, ఒళ్లంతా విదిలించింది. పొట్టేళ్లు, మామ, చాచా, నేను, కార్బొరేటర్ అందరం తడిశాం. మోటారు ఆగలేదు. చాచా పగలబడి నవ్వాడు. నేను పిడి తీసుకుని పూర్తిగా తిప్పాను.

ఒడ్డున ఆయన కూతురు తండ్రిని చేయి పట్టి దింపుకుని, “ఫోన్లో అంత నిదానంగా మాట్లాడితివేంది నాయనా, ఏం కాలేదన్నట్టు” అంది. ఆయన పొట్టేళ్లను దింపుకునే పనిలో పడ్డాడు.

అత్త అరుగు మీద ఆకులు వేసింది. సంగటి ముద్ద, చేపల పులుసు. సబ్బుతో ఎంత కడిగినా నా వేళ్లకు పెట్రోలు వాసన పోలేదు, అయినా రెండు ముద్దలు తిన్నాను. మామ తింటూనే ఆ పైపు ఎక్కడ దొరుకుతుందని చాచాను అడుగుతున్నాడు. చాచా పైపు సంగతి వదిలేసి, దీని పైమూతకు తీగ కుట్టు బాగలేదు, ఫైబర్ వేద్దాం అంటున్నాడు.

తిరుగు బస్సులో నాయనకు ఫోన్ చేసి మొదటి నుంచి చెప్పాను. బల్బు, పొర, పొట్టు, నైలాన్ పోగు, కుక్క. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. అంతా విన్నాక అడిగాడు.

“మెయిన్ జెట్టు మీద కొట్టిన నంబరు ఎంత?”

“సూడలే నాయనా.”

“రెండుసార్లు విప్పితివి గదా.”

“మొదటిసారి వెలుగు సూసినా. రెండోసారి సూసే టైం లే.”

“సరే, మీ మామకు ఫోన్ చేసి కనుక్కో” అన్నాడు. పెట్టేస్తాడేమో అనుకున్నాను. పెట్టలేదు. “ఆ స్లో మర బయటికి తిప్పినావా, లోపలికా?” అన్నాడు. బయటికని చెప్పి, ఎంత తిప్పానో, అప్పుడు చప్పుడు ఎట్లా మారిందో వివరంగా చెప్పడం మొదలుపెట్టాను.